వోల్టేజీ తగ్గితే మోటరెందుకు కాలుతుంది?

యాసంగిలో ఊరి పొలాలన్నీ ఒకేసారి నీళ్లకు ఎదురుచూసే రోజుల్లో వరంగల్, హనుమకొండ, జనగామ పల్లెల్లో మోటర్ వైండింగ్ షాపులకు తీరిక ఉండదు. కాలిపోయి వచ్చే మోటర్లలో ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, అక్కణ్నుంచి పొలాలకు వచ్చే ఎల్‌టీ లైను చివరన ఉన్నవాటి వంతు ఎక్కువ. కారణం ఏంటని రైతును అడిగినా, మెకానిక్‌ను అడిగినా ఒకటే మాట: లో వోల్టేజీ. నిజమే. కానీ పదో తరగతి ఫిజిక్స్ గుర్తున్నవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు కనబడాలి. ఓమ్ నియమం ప్రకారం వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గాలి. కరెంటు తగ్గితే వేడి తగ్గాలి. మరి మోటరు చల్లగా ఉండాలి గానీ కాలిపోవడమేంటి?

నియమంలో తప్పు లేదు, మెకానిక్ మాటలోనూ తప్పు లేదు. లెక్క మొదలుపెట్టేటప్పుడు దేన్ని మారనిదిగా పట్టుకున్నామన్న దాంట్లోనే ఉంది తిరకాసంతా. సూత్రాలు నాలుగూ నోటికి వచ్చినవాళ్లు కూడా తప్పు చేసేది ఇక్కడే.

ముందు ఆ సూత్రాలు చూసేస్తే ఓ పనైపోతుంది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే వచ్చేవి ఓమ్లు. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవర్, అంటే వాట్లు. ఈ రెండింటినీ కలిపితే మరో రెండు పుడతాయి: కరెంటు వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణించినా పవరే, వోల్టేజీ వర్గాన్ని రెసిస్టెన్స్‌తో భాగించినా పవరే. మొదటిది జర్మన్ బడిపంతులు గియోర్గ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమం. అప్పటి బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండకపోవడంతో ఆయన థర్మోకపుల్ (రెండు లోహాల అతుకుల మధ్య వేడి తేడాతో వోల్టేజీ పుట్టించే సాధనం) వాడి కొలతలు తీసుకున్నాడు. కరెంటు వర్గాన్ని బట్టి వేడి పెరుగుతుందని 1841లో ప్రచురించింది జేమ్స్ ప్రెస్కాట్ జౌల్.

ఈ సూత్రాలు ఏ మెలికా లేకుండా పనిచేసే వస్తువు ఒకటుంది. చలికాలం బకెట్‌లో వేసే హీటర్ రాడ్. దాని మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని రాసి ఉంటే 1500ను 230తో భాగిస్తే కరెంటు 6.5 ఆంపియర్లు. 230ని ఆ కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ సుమారు 35 ఓమ్లు. రాడ్‌లోని తీగ నిక్రోమ్ లాంటి మిశ్రమ లోహం కాబట్టి వేడెక్కినా ఈ 35 పెద్దగా మారదు. ఇప్పుడు వోల్టేజీ 180కి పడిపోయిందనుకుందాం. కరెంటు 5.1 ఆంపియర్లకు తగ్గుతుంది. పవర్ 919 వాట్లకు పడిపోతుంది. వోల్టేజీ తగ్గింది 22 శాతమే అయినా పవర్ 39 శాతం తగ్గింది, ఎందుకంటే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 15 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు తేవడానికి పూర్తి వోల్టేజీలో 21 నిమిషాలు చాలు. 180 వోల్టుల్లో 34 నిమిషాలు పడుతుంది. నీళ్లు లేటవుతాయి, రాడ్‌కు మాత్రం ఏ ప్రమాదమూ లేదు.

పాత ఫిలమెంట్ బల్బు దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క ఒక మెలిక తిరుగుతుంది. 100 వాట్ల బల్బుకు 230 వర్గాన్ని 100తో భాగిస్తే 529 ఓమ్లు రావాలి. అదే బల్బును హోల్డర్ నుంచి తీసి మల్టీమీటర్ పెడితే 40 ఓమ్ల దగ్గర చూపిస్తుంది. మీటరు పాడైందని, బల్బు నకిలీదని అనుకునేవాళ్లున్నారు. రెండూ బాగానే ఉన్నాయి. వెలుగుతున్న టంగ్‌స్టన్ తీగ రెండున్నర వేల డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది, ఆ వేడిలో దాని రెసిస్టెన్స్ పది రెట్లకు మించి పెరుగుతుంది. అందుకే బల్బు స్విచ్ వేసిన క్షణంలోనే మాడిపోవడం ఎక్కువ. చల్లటి తీగలోంచి ఆ క్షణం దాదాపు 6 ఆంపియర్లు దూకుతాయి. ఉష్ణోగ్రత మారనంత వరకే తన నియమం నిలుస్తుందన్న షరతు ఓమ్ నియమంలోనే ఉంది, పరీక్షల కోసం చదివేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక మంచి డ్రైవర్ (లోపల కరెంటును సర్దే సర్క్యూట్) ఉన్న 9 వాట్ల ఎల్ఈడీ బల్బుది ఇంకో దారి. వోల్టేజీ 230 నుంచి 180కి దిగినా అది వెలుగు తగ్గించదు. కావలసిన 9 వాట్లను ఎలాగైనా రాబట్టుకుంటుంది, అంటే కరెంటు పెంచుకుంటుంది.

మోటరు ఈ మూడో కోవకు దగ్గరిది.

తిరుగుతున్న మోటరు తనలో తానే ఒక ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. లైను వోల్టేజీకి అడ్డుపడి కరెంటును హద్దులో ఉంచేది ప్రధానంగా అదే, వైండింగ్‌లోని రాగితీగ రెసిస్టెన్స్ కాదు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌నే తీసుకుందాం. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు కాబట్టి షాఫ్ట్ మీద అది ఇవ్వాల్సింది 3,730 వాట్లు. మోటరు సామర్థ్యం (తీసుకున్న పవర్‌లో షాఫ్ట్‌కు చేరే వంతు), పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో పనికొచ్చే వంతు, దాని సంగతి తర్వాత) కలుపుకొని చూస్తే 415 వోల్టుల త్రీ ఫేజ్ మీద ఒక్కో ఫేజులో దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. పంపుకు కావలసింది బోరు లోతును, తీసే నీళ్లను బట్టి ఉంటుంది. లైనులో వోల్టేజీ తగ్గిందని బోరు లోతు తగ్గదు కదా. కాబట్టి 415 వోల్టులు 340కి పడినప్పుడు మోటరు వేగం కాస్త తగ్గి, అదే పని లాగడానికి కరెంటును సుమారు 11 ఆంపియర్లకు పెంచుకుంటుంది.

ఓమ్ నియమం మళ్లీ పనికొచ్చేది ఇప్పుడే. వైండింగ్ రాగితీగ మాత్రం అచ్చమైన రెసిస్టెన్స్. అందులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 9 నుంచి 11కు పోవడం చూడ్డానికి రెండు ఆంపియర్లే. వర్గాలు చూస్తే 81 నుంచి 121, అంటే వేడి ఒకటిన్నర రెట్లు. పైగా వేడెక్కిన రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. వైండింగ్ 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే దాని రెసిస్టెన్స్ పావు వంతుకు పైగా ఎక్కువవుతుంది, ఆ మేరకు వేడి ఇంకా పెరుగుతుంది. పది డిగ్రీల అదనపు వేడికి వైండింగ్ ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు ఒక మోటు లెక్క వాడతారు. సబ్‌మెర్సిబుల్‌ను చల్లబరిచేది దాని చుట్టూ పారే నీళ్లే. యాసంగి చివరికొచ్చేసరికి ఆ నీళ్లూ తగ్గుతాయి. అన్నీ ఒకే నెలలో వచ్చిపడతాయి.

స్టార్ట్ అయ్యేటప్పుడు సంగతి ఇంకా మొండిది. ఆగి ఉన్న మోటరులో ఎదురు వోల్టేజీ ఉండదు, కాబట్టి మొదటి క్షణాల్లో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. 9 ఆంపియర్ల మోటరుకు అది 50 దాటుతుంది. మామూలుగా ఇది రెండు మూడు సెకన్ల ముచ్చట. కానీ తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 415 బదులు 340 ఉంటే బలం మూడింట రెండు వంతులే మిగులుతుంది. పంపులో నీళ్లను నెట్టే చక్రం, అంటే ఇంపెల్లర్‌లో ఇసుక పట్టి ఉంటే ఆ బలం చాలదు. మోటరు గుయ్‌మని మూలుగుతుంది గానీ తిరగదు. వోల్టేజీ తక్కువైనా దాదాపు ఐదు రెట్ల కరెంటు పారుతూనే ఉంటుంది, అంటే ఇరవై ఐదు రెట్ల వేడి. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే (కరెంటు హద్దు దాటితే సరఫరా ఆపేసే పరికరం) సరిగా ఉంటే ట్రిప్ అవుతుంది. దాన్ని పక్కకు తప్పించి డైరెక్టుగా కలిపేసుకున్నచోట నిమిషంలోపే వైండింగ్ మాడు వాసన వస్తుంది. రిలేను తీసేయడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మాటిమాటికీ ట్రిప్ అవుతోందంటే అది విసిగించడం కాదు, లైనులోనో బోరులోనో ఏదో తేడా ఉందని చెప్పడం.

ఇంతకీ వోల్టేజీ ఎక్కడ పోయింది? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 415 ఉన్నది బోరు దగ్గరికొచ్చేసరికి 340 ఎలా అయింది? ఆ మధ్య ఉన్న తీగంతా రెసిస్టెన్సే. రైతు చేతిలో ఉండేది స్టార్టర్ నుంచి మోటరు దాకా పోయే కేబుల్. దాని లెక్క చూద్దాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌కు కిలోమీటరుకు 7.4 ఓమ్ల చొప్పున రెసిస్టెన్స్ ఉంటుంది. స్టార్టర్ నుంచి బోరు దూరం, లోపలికి దిగిన లోతు కలిపి 300 మీటర్లయితే ఒక్కో తీగకు 2.2 ఓమ్లు. 9 ఆంపియర్లు పారితే ఒక్కో తీగలో 20 వోల్టులు కరిగిపోతాయి. త్రీ ఫేజ్‌లో ఫేజుకు ఫేజుకు మధ్య చూస్తే ఇది 1.73 రెట్లు, దాదాపు 35 వోల్టులు. మూడు తీగల్లో కలిపి వేడిగా పోయేది 540 వాట్లు. 5 హెచ్‌పీ మోటరు కోసం తెచ్చిన కరెంటులో ముప్పావు హెచ్‌పీకి దగ్గరగా కేబుల్‌ను వెచ్చబెట్టడానికే ఖర్చవుతోందన్నమాట. అదే 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే వోల్టేజీ నష్టం 14కు, వేడి నష్టం 225 వాట్లకు దిగుతుంది.

మందం కేబుల్‌కు ధర ఎక్కువ. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి ఆ 540 వాట్లు ఏ రైతు బిల్లులోనూ కనబడవు. కనబడని నష్టం కోసం ఎవరూ కేబుల్ మార్చరు. వైండింగ్ ఖర్చు మాత్రం రైతు జేబులోంచే పోతుంది. కేబుల్ కొనేటప్పుడు యూనిట్ల లెక్క వేయకపోయినా ఫరవాలేదు, మోటరు దగ్గర మిగిలే వోల్టుల లెక్క వేసుకోవాలి. ఎల్‌టీ సరఫరాలో 6 శాతానికి మించి ఎక్కువ తక్కువలు ఉండొద్దన్నది నిబంధన. 415లో 6 శాతమంటే 25 వోల్టులు. పైన చెప్పిన సన్న కేబుల్ ఒక్కటే అంతకంటే ఎక్కువ మింగేస్తోంది, లైనును తప్పుపట్టడం తర్వాత సంగతి.

ఇళ్లలో ఈ కొలతను ఇంకా తేలిగ్గా తీయొచ్చు, ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటరు, తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉంటే చాలు. ఎక్కువ కరెంటు లాగే వస్తువులేవీ వేయకుండా సాకెట్ దగ్గర వోల్టేజీ చూస్తే 228 ఉందనుకుందాం. హీటర్ రాడ్ వేసి అదే బోర్డులో మళ్లీ చూస్తే 216. రాడ్ తీసుకుంటున్న కరెంటు 6.1 ఆంపియర్లు. తగ్గిన 12 వోల్టులను 6.1తో భాగిస్తే సుమారు 2 ఓమ్లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సాకెట్ దాకా ఉన్న దారి మొత్తం రెసిస్టెన్స్ దాదాపుగా అదే. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీస్ వైరు కిలోమీటరుకు 7.4 ఓమ్లు. స్తంభం 40 మీటర్ల దూరంలో ఉంటే పోయే తీగ, వచ్చే తీగ కలిపి 0.6 ఓమ్లకు మించకూడదు. లోపలి వైరింగ్‌కు, ఎల్‌టీ లైనుకు మరో అర ఓమ్ వదిలినా ఇంకా దాదాపు ఒక ఓమ్ లెక్కకు రాకుండా మిగిలింది. అది ఎక్కడో ఒక వదులు జాయింట్‌లో దాక్కుని ఉంటుంది. స్తంభం మీద మెలితిప్పి వదిలేసిన కొస, మీటరు దగ్గర బిగించని స్క్రూ, తుప్పుపట్టిన ఫ్యూజు కటౌట్, ఏదైనా కావచ్చు.

ఒక ఓమ్ ఎంతలే అనిపిస్తుంది. 6.1 ఆంపియర్ల వర్గాన్ని ఒకటితో గుణిస్తే 37 వాట్లు. రేడియో రిపేర్ షాపులో సీసాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. అంతకంటే ఎక్కువ వేడి గోరంత జాగాలో ప్లాస్టిక్ పక్కనే రాజుకుంటుంది. నల్లబడ్డ సాకెట్లు, కరిగిన ప్లగ్గులు, ఎండాకాలం కూలర్, ఏసీ కలిపి వేసినప్పుడు వచ్చే మాడు వాసన, అన్నింటి వెనకా ఇదే కథ. ఫ్యూజు దీన్ని పట్టుకోదు. దాని దృష్టిలో 6 ఆంపియర్లంటే మామూలు కరెంటే.

తీగ రెసిస్టెన్స్‌ను కొంత వరకే తగ్గించగలం. కరెంటును తగ్గించడం అంతకంటే లాభం, ఎందుకంటే నష్టం దాని వర్గాన్ని బట్టి ఉంటుంది. అదే పవర్‌ను తక్కువ కరెంటుతో పంపాలంటే వోల్టేజీ పెంచాలి. పొలాల మధ్య దిమ్మె మీద కూర్చున్న 100 కేవీఏ (వెయ్యి వోల్ట్-ఆంపియర్లు ఒక కేవీఏ) ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల వైపు పూర్తి లోడు మీద ఫేజుకు 133 ఆంపియర్లిస్తుంది. అదే పవర్ 11 కేవీ (11 వేల వోల్టుల) వైపు 5.25 ఆంపియర్లే. కరెంటు 25 రెట్లు తక్కువ కాబట్టి ఒకే రకం తీగలో నష్టం 640 రెట్లు తక్కువ. పొడవాటి ఎల్‌టీ లైన్లు తగ్గించి, 11 కేవీ లైనునే పొలం దాకా తెచ్చి, నాలుగైదు మోటర్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతికి మూలం ఈ లెక్కే. రామగుండం ఎన్టీపీసీలోని 500 మెగావాట్ల యూనిట్ కరెంటు 400 కేవీ మీద 720 ఆంపియర్ల చిల్లరతో బయటికి పోతుంది. దాన్నే 433 వోల్టుల మీద పంపాలంటే ఆరున్నర లక్షల ఆంపియర్లు దాటుతుంది. అంత కరెంటు మోసే తీగ ఎక్కడా లేదు.

5 హెచ్‌పీ మోటరు ఒక్కొక్కటి ఆరున్నర కేవీఏ తీసుకుంటుంది కాబట్టి ఆ 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద పదిహేను మోటర్లు సరిపోతాయి, అవి విడివిడిగా స్టార్ట్ అయినప్పుడు. పదిహేనింటికీ ఆటోమేటిక్ స్టార్టర్లుంటే, పోయిన కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి లేస్తాయి, ఒక్కోటి 50 ఆంపియర్ల చొప్పున. 133 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌ను 750 అడిగితే వోల్టేజీ కుప్పకూలుతుంది, ఏ మోటరుకూ లేచే బలం చాలదు, చివరికి ఫ్యూజు ఎగురుతుంది. ఆటో స్టార్టర్లు తీసేయమని 24 గంటల సరఫరా మొదలయ్యే రోజుల్లో ప్రచారం జరిగింది. భూగర్భజలాలు అడుగంటుతాయన్న మాట బాగా వినబడింది గానీ ఈ ట్రాన్స్‌ఫార్మర్ లెక్క రైతుకు ఇంకా సూటిగా తగిలేది.

పైన ఆరున్నర కేవీఏ అన్నాం గానీ కిలోవాట్లనలేదు. దానికి కారణముంది. ఏసీలో వోల్టేజీని కరెంటుతో గుణిస్తే అన్నిసార్లూ వాట్లు రావు. హీటర్‌కు వస్తాయి, మోటరుకు రావు. మోటరు తన అయస్కాంత క్షేత్రం కోసం కొంత కరెంటును అరువు తీసుకుని, ప్రతి సైకిల్‌లోనూ తిరిగి ఇచ్చేస్తుంటుంది. ఆ కరెంటు పని చేయదు గానీ లైనులో మాత్రం పారుతుంది, లైనును వేడెక్కిస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే 6.5 కేవీఏలో నిజమైన పవర్ 5.2 కిలోవాట్లే. స్టార్టర్ దగ్గర 2 కేవీఏఆర్ (ఆ అరువు పవర్‌కు కొలమానం) కెపాసిటర్ పెడితే ఆ అరువు కరెంటులో సగం అక్కడికక్కడే దొరుకుతుంది, లైను నుంచి తీసుకునేది 9 నుంచి 7.7 ఆంపియర్లకు దిగుతుంది, స్తంభం దాకా ఉన్న తీగల్లో నష్టం పావు వంతుకు పైగా తగ్గుతుంది. స్టార్టర్ నుంచి బోరులోకి దిగే కేబుల్‌లో మాత్రం ఎప్పటిలా 9 ఆంపియర్లే పారతాయి. కెపాసిటర్ పెట్టాం కదా అని సన్న కేబుల్ వేస్తే లాభం లేదు. ఇదే కారణంగా నడుస్తున్న మోటరు ఒక్కో ఫేజు వోల్టేజీని (415ను 1.73తో భాగిస్తే 240) దాని కరెంటుతో భాగించి వచ్చిన 27 ఓమ్లను వైండింగ్ రెసిస్టెన్స్ అనుకోకూడదు. మీటరు పెట్టి చూస్తే వైండింగ్ కొన్ని ఓమ్లే ఉంటుంది.

ఇవే సూత్రాలు ప్రాణం దాకా వచ్చే చోటు స్టార్టర్ బాక్సు. తడి చేతుల మనిషి ఒంటి రెసిస్టెన్స్‌ను లెక్కల కోసం 1000 ఓమ్లుగా తీసుకుంటారు. 230 వోల్టులు తగిలితే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు ఆ 0.23 లెక్కే కాదు. బట్టలారేసే దండెం తీగకు సర్వీస్ వైరు తగిలి మనిషి పడిపోయినా ఇంట్లో ఫ్యూజు చెక్కుచెదరకపోవడం ఇందుకే.

మరి ఎర్త్ ఉంది కదా అంటే, దాని రెసిస్టెన్స్ ఎంతన్నది చూడాలి. ఇనుప బాక్సుకు ఫేజు తగిలిందనుకుందాం. బాక్సు ఎర్త్ 15 ఓమ్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ 5 ఓమ్లు ఉంటే మొత్తం 20. పారే కరెంటు 11.5 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజు కదలదు. బాక్సు మీద 11.5 ఇంటూ 15, అంటే 172 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. ఎండాకాలం నేల ఎండినప్పుడు ఆ 15 ఓమ్లు ఇంకా పెరుగుతాయి, ఎర్త్ గుంతలో నీళ్లు పోయమని లైన్‌మన్లు చెప్పేది అందుకే. ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా ఆపే స్విచ్) పనిచేసే తీరు వేరు. పోయిన కరెంటు మొత్తం తిరిగొస్తోందా లేదా అని చూసి, 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడితే ఆపేస్తుంది. ఎర్త్ 500 ఓమ్లున్నా సరే, బాక్సు మీద 15 వోల్టులు దాటేసరికి అది ట్రిప్ అవుతుంది. పొడవాటి బోరు కేబుల్‌లో సహజంగా ఉండే లీకేజీకి 30 మిల్లీ ఆంపియర్లది ఊరికే ట్రిప్ అవుతుంటే 100 మిల్లీ ఆంపియర్లది పెడతారు. అదే 500 ఓమ్ల ఎర్త్ మీద దాని హద్దు 50 వోల్టులు. అయితే ఫేజు తీగనే నేరుగా పట్టుకున్న మనిషిని కాపాడతానని 100 మిల్లీ ఆంపియర్లది హామీ ఇవ్వదు, ఇంట్లో 30దే ఉండాలి.